సుద్దగీత

ఆ రోజు కోడలికి ప్రాణం పోయి, మళ్ళీ వచ్చింది. వచ్చింది కాబట్టే ఇంత నింపాదిగా కూర్చుని చెప్పుకుంటున్నాం. రాకపోయి ఉంటే ఈపాటికి మీరూ నేనూ కూడా టేపు పట్టుకుని ఎవరిదో ఒకరి కాలు కొలుస్తూ ఉండేవాళ్ళం, ఎందుకంటే అన్ని వేల కాళ్ళు మళ్ళీ కొలవడం ఇద్దరు ముగ్గురి వల్ల అయ్యే పని కాదు.

కోడలంటే ఎవరి కోడలని అడుగుతారని తెలుసు. ఆ చెప్పుల వర్క్‌షాపులో పెద్ద పనివాడిని అందరూ మామయ్య అంటారు. ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా మామయ్యా అనే పిలుస్తాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఒక పూట కూర్చుంటే చాలు, లేచేటప్పుడు "వస్తాం మామయ్యా" అంటారు. లోకమంతటికీ వరసకి మామయ్యే గానీ, రికార్డులు చూసే ఆవిడకి మాత్రం ఆయన నిజంగానే మామగారు. ఆయన ఏకైక పుత్రరత్నం తోలు వాసన పడక మందుల షాపులో చేరితే, ఆ వాసన పడిన కోడలు వచ్చి ఇక్కడ చేరింది. దాంతో ఆవిడ కూడా అందరికీ కోడలైపోయింది. నలభై దాటినా, ఇద్దరు పిల్లలు తన భుజం దాటినా, ఆ పేరు వదల్లేదు.

అక్కడ తయారయ్యేవి మామూలు చెప్పులు కావు. స్పర్శ పోయిన పాదాలకు వేసేవి. మనకైతే కొత్త చెప్పు కరిస్తే నాలుగు తిట్లు తిట్టి మూల పడేస్తాం. స్పర్శ లేని కాలికి చెప్పు కరిచినట్టే తెలియదు. కరిచిన చోట పుండు పడుతుంది, అదీ తెలియదు, తెలిసేసరికి వేలు తీసేయాలనో పాదం తీసేయాలనో డాక్టరు చెబుతాడు. అందుకే మామయ్య, "కాలికి తెలియనిదంతా చెప్పుకి తెలియాలి" అంటాడు. ఏ పాదానికి ఏ మడమ కింద బియ్యపు గింజంత ఎత్తు కావాలో, ఏ వేలి దగ్గర తోలు వదులుగా ఉండాలో, ఆయన నలభై ఏళ్ళుగా గీసి రాసిన పుస్తకాలు అరవై మూడు ఉండేవి. ఒకసారి వచ్చి కొలతలిచ్చినవాళ్ళు మళ్ళీ రానక్కర్లేదు. ఫోను చేస్తే చాలు, కొత్త జోడు కొరియర్‌లో వెళుతుంది. వాళ్ళలో చాలామందికి మళ్ళీ అంత దూరం వచ్చే కాళ్ళు లేవు కూడా.

పుస్తకాలు ఉండేవి అన్నాను కదా, ఇప్పుడు లేవు. చెమ్మ పట్టి, చెదలు పట్టి, పేజీ తిప్పితే పొడి రాలుతుంటే, కోడలు మూడేళ్ళు కూర్చుని వాటిని కంప్యూటరులోకి ఎక్కించింది. ఒక్కో పాదం బొమ్మని స్కాన్ చేసి, పక్కన మామయ్య రాసుకున్న మాటల్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది. అది పూర్తయ్యాక, "ఇంకెందుకు మామయ్యా ఈ చెత్త, అన్నీ డబ్బాలో ఉన్నాయిగా" అని ఆవిడే అన్నది. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు "సరేనమ్మా" అన్నాడు. పుస్తకాలు కాగితాల మిల్లుకు వెళ్ళాయి. వాటి బీరువాలో ఇప్పుడు జిగురు డబ్బాలున్నాయి.

అలా తయారైన డేటాబేసుని కోడలు నల్ల తెర మీద నుంచే నడుపుతుంది. మౌసుతో నొక్కడానికి బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. ఆవిడ ఒక లైను రాసి ఎంటర్ కొడుతుంది, అది ఒక లైను బదులు చెబుతుంది, అంతే. దానికి మొహమాటం లేదు. చూపించమంటే చూపిస్తుంది, చెరపమంటే చెరిపేస్తుంది, "నిజంగానేనా" అని ఎదురడగదు. చూడటానికి పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రంలా కనిపిస్తుంది గానీ, తెలిసినవాళ్ళ చేతిలో బంగారమే.

ఈ సంగతి విని మామయ్య మొదట్లో ఒక ప్రశ్న అడిగాడు. "మరి మీ డబ్బాలో సుద్ద ఉండదా?"

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. తోలు ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు. అందుకని కత్తి పట్టే ముందు తోలు మీద సుద్దతో గీయాలి, గీసినవాడు "సుద్ద" అని పైకి చెప్పాలి, పక్క బల్ల మీది మనిషి వచ్చి గీత చూసి "చూశా" అనాలి. అప్పుడే కత్తి. సుద్దగీత తప్పయితే అరచేత్తో తుడిచేయొచ్చు. మామయ్య కూడా ఈ నియమానికి అతీతుడు కాదు. కుట్టు మిషను దగ్గర కూర్చునే, అందరూ సూదత్త అని పిలిచే ఆవిడ "చూశా" అంటే గానీ ఆయన కత్తి కదలదు.

"ఉంది మామయ్యా" అని కోడలు ఆ రోజు సంబరంగా చెప్పింది. "ముందు బిగిన్ అని కొట్టాలి. అక్కడి నుంచి ఏం చేసినా సుద్దగీతే. కమిట్ అంటే కత్తి పడ్డట్టు. వద్దనుకుంటే రోల్‌బ్యాక్ అంటే చాలు, తుడిచేసినట్టే."

"అయితే నువ్వు కూడా సుద్ద అను" అన్నాడాయన. అప్పటినుంచి ఆవిడ బిగిన్ కొట్టినప్పుడల్లా ప్లైవుడ్ తడిక ఇవతల నుంచి "సుద్ద" అంటుంది, అవతల బల్ల దగ్గర నుంచి మామయ్య "చూశా" అంటాడు. ఆయన చూసేదేమీ లేదు, తడిక అడ్డం. ఆయన చేతిలో పని ఆయనది. అయినా మాట అలవాటైపోయింది.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున్నే వచ్చి కూర్చున్న కోడలు, ఎందుకో అనుమానం వచ్చి, రోజూ రాత్రి వాటంతటవే తయారయ్యే నకళ్ళ ఫైళ్ళు తెరిచి చూసింది. డేటాబేసుకి రోజూ ఒక నకలు తీసి పక్కన పెట్టే ఏర్పాటు ఆవిడే చేసింది. ఫైళ్ళన్నీ వరసగా, తారీఖులతో సహా, ముచ్చటగా ఉన్నాయి. సైజు మాత్రం సున్నా. నిన్నటిదీ సున్నా, మొన్నటిదీ సున్నా, రెండు నెలల వెనక్కి వెళ్ళినా అంతే. డిస్కు నిండిపోయింది, నకలు రాయడానికి చోటు లేదు, ఆ ఏర్పాటు పాపం రోజూ ఖాళీ ఫైలు పెట్టి పని అయిందనిపించుకుంటోంది. అంతకు ముందటి పాతవి కూడా లేవు, అరవై రోజులు దాటినవాటిని చెరిపేయమని చెప్పింది కూడా ఈవిడే.

డేటా భద్రంగానే ఉంది కదా అని సర్దుకుంది. చోటు ఎందుకు చాల్లేదో కూడా తెలిసింది. రెండోసారి పొరపాటున స్కాన్ అయి ఎక్కిన పాదాలు ఆరు వందల పన్నెండు ఉన్నాయి, బొమ్మలతో సహా. అవి తీసేస్తే చోటొస్తుంది, నకలు తీసుకోవచ్చు. నిజానికి ముందు సొరుగులో ఉన్న బయటి డిస్కు పెట్టి ఒక నకలు తీసుకుని, ఆ తర్వాత చెరపడం మొదలుపెట్టాలి. చంటిపిల్లకైనా తెలుసు. కానీ ఐదు నిమిషాల పనే కదా, ఇది కాగానే అది చేద్దాం అనుకుంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా చెప్పండి. నాకు ఆవిడ మీద కోపం వచ్చేది ఈ ఒక్క చోటే.

లైను రాయడం మొదలుపెట్టింది. పాదాల పట్టికలోంచి చెరిపేయి అని రాసింది. ఏవేవి చెరపాలో చెప్పే రెండో సగం రాయబోతుండగా ఫోను మోగింది.

అవతల రిటైరైన బస్సు కండక్టరు. "అమ్మా, నా జోడు ఎంతవరకూ వచ్చింది? ఉన్నది అరిగిపోయింది. పదిరోజుల నుంచి గడప దాటలేదు. ఇంట్లో ఇలా కూర్చోవాలంటే టిక్కెట్టు తీసుకోమంటోంది మా ఆవిడ."

"ఇవాళే తోలు కోస్తున్నారు బాబాయ్‌గారూ. ఎల్లుండికి మీ చేతిలో ఉంటుంది."

"చేతిలో ఎందుకమ్మా, కాళ్ళకి ఉంటే చాలు" అన్నాడాయన.

నవ్వుకుంటూ ఫోను పెట్టేసి, ఆ నవ్వు మొహం మీద ఉండగానే, లైను చివర సెమికోలన్ పెట్టి ఎంటర్ కొట్టింది. రెండో సగం రాయలేదన్న సంగతి ఆవిడ బుర్రకి తట్టలేదు. ఏ పాదాలని చెప్పకుండా పాదాలు చెరిపేయమంటే ఆ తెర ఏం చేస్తుంది? అన్నీ చెరుపుతుంది. క్షణంలో బదులిచ్చింది. చెరిపినవి: పన్నెండు వేల ఇరవై నాలుగు.

ఆరు వందల పన్నెండు రావాల్సిన చోట పన్నెండు వేల ఇరవై నాలుగు. మొత్తం ఉన్నవే అన్ని.

రోల్‌బ్యాక్ అని కొట్టడానికి చెయ్యి కీబోర్డు మీదకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే, అవతల సూదత్త జిగురు వేడిచేసే కొత్త హీటరుని కుట్టు మిషను ఉన్న ప్లగ్గులోనే పెట్టింది. టప్‌మని చప్పుడైంది. మిషను ఆగింది, ఫ్యాను ఆగింది, తెర నల్లగానే ఉంది గానీ తెల్ల అక్షరాలు లేవు. బల్ల కింద యూపీఎస్ ఉంది, కాకపోతే అది బ్యాటరీ పోయిందని రెండు వారాలు కుయ్యి కుయ్యిమని మొత్తుకుంటే, చెవులు పోతున్నాయని సూదత్తే దాని నోరు నొక్కేసింది.

"నేనే, నేనే" అంటూ సూదత్త లేచింది. "ఫ్యూజు పోయినట్టుంది. ఎలక్ట్రీషియన్ని పిలుచుకొస్తా, వీధి చివరే కదా ఉంటాడు." చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కోడలు కుర్చీలో అలాగే ఉండిపోయింది. బుర్ర మాత్రం ఆగకుండా తిరుగుతోంది. బిగిన్ కొట్టి ఉంటే భయమే లేదు. కమిట్ అనలేదు కాబట్టి అదంతా సుద్దగీతే, కరెంటు పోవడమే అరచెయ్యి, మళ్ళీ మిషను లేచేసరికి అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. బిగిన్ కొట్టకపోయి ఉంటే మాత్రం ఎంటర్ కొట్టిన క్షణమే కత్తి దిగింది. పుస్తకాలు లేవు, నకళ్ళు లేవు. నలభై ఏళ్ళ పాదాలు పోయినట్టే.

కొట్టానా?

కొట్టే ఉంటాను, మూడేళ్ళుగా కొడుతున్నాను. కానీ ఇవాళ కొట్టానా? రోజూ ఇంటికి తాళం వేసే మనిషిని సగం దారిలో ఆపి, ఇవాళ వేశావా అని అడగండి, ఏం చెబుతుందో. వేసిన జ్ఞాపకమంతా నిన్నటిదో మొన్నటిదో అయి ఉంటుంది. ఆవిడకి బిగిన్ కొట్టిన జ్ఞాపకం వందసార్లు వచ్చింది, అందులో ఇవాళ్టిది ఏదో తేలలేదు.

అప్పుడు తట్టింది. బిగిన్ కొడితే సుద్ద అంటుంది కదా. అంటే మామయ్య విని ఉంటాడు కదా. ఆయన జ్ఞాపకం సామాన్యమైంది కాదు, ఇరవై ఏళ్ళ కింద వచ్చినవాడి పాదం చూడకుండా గీస్తాడని పేరు. లేచి తడిక దాటింది.

మామయ్య కిటికీ వెలుగులోకి బల్ల జరుపుకుంటున్నాడు. ముందు కండక్టరు జోడుకి తీసిన తోలు ముక్క పరిచి ఉంది.

"మామయ్యా, ఇందాక నేను సుద్ద అన్నానా?"

"ఎందుకమ్మా?"

"అన్నానా లేదా చెప్పండి ముందు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. స్టూలు జరిపాడు. "కూర్చో. ఏమైంది?"

కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేసింది. సున్నా సైజు ఫైళ్ళు, ఫోను, సగం లైను, పన్నెండు వేల ఇరవై నాలుగు, ఏదీ దాచలేదు. పుస్తకాలు మిల్లుకి పంపింది నేనే మామయ్యా, అని కూడా అన్నది, ఆయనకి తెలియనట్టు.

మామయ్య తిట్టలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "గుర్తు లేదమ్మా" అన్నాడు. "అన్నావేమో. నాకు గుర్తు లేదు."

ఆవిడ మొహం చూడలేక కాబోలు, వెంటనే సుద్దముక్క అందుకున్నాడు. "దిగాలు పడి ఏం లాభం? కాగితం తెచ్చుకో. నాకు గుర్తున్నవి చెబుతా, రాసుకో. ముందు ఈ కండక్టరుది. ఇదైతే కంఠతా." తోలు మీద సుద్దతో అరికాలు గీశాడు, ఎడమ మడమ బయటి అంచున చిన్న అర్ధచంద్రం పెట్టాడు. "ఇక్కడ పాత పుండు. ఇక్కడ గింజంత ఎత్తు, మెత్తది." చెయ్యి వణకలేదు, గీత గీతలాగే పడింది.

కోడలు రాసుకుంది. తర్వాత ఒక టీచరమ్మ, కుడి చిటికెనవేలు లేదు. తర్వాత ఇటుకల బట్టీలో చేసే అతను, రెండు కాళ్ళూ రెండు సైజులు. తర్వాత ఒక దర్జీ, తొక్కుడు మిషను కాబట్టి ముందు భాగం మందంగా ఉండాలి. ఐదో మనిషి దగ్గర ఆగాడు. "పోస్టుమాస్టరు భార్య... కుడి బొటనవేలు..." అన్నాడు. సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పాడు. "కుడి బొటనవేలు..." అని మళ్ళీ అన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. కోడలు పెన్ను పట్టుకుని ఎదురు చూసింది. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వడిగితే పుస్తకాలిచ్చేశాననుకున్నావా?" అన్నాడు.

కోడలికి అర్థం కాలేదు.

"రెండేళ్ళయింది. ఒకరోజు నా పుస్తకమే తెరిచా, నా చేత్తో రాసిందే. 'ఈయన్ని ముందు నవ్వించి, ఆ తర్వాత కొలవాలి' అని ఉంది. ఎవరో గుర్తు రాలేదు. బొమ్మ చూశా, అయినా రాలేదు. నేనే నవ్వించి ఉంటా కదా అతన్ని, ఎలా నవ్వించానో కూడా రాలేదు. ఆ రోజు నుంచి నువ్వు ఎక్కించే ఒక్కో పుస్తకానికీ నాకు ఒక్కో రాయి దిగినట్టుండేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా."

కోడలు చేతిలో పెన్ను పక్కన పెట్టింది. పోయింది తన డేటా అనుకుంటూ ఇటొచ్చింది. పోతే పోయేది ఆయన జ్ఞాపకమని ఇప్పుడు తెలిసింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. పదిహేడేళ్ళ కాపురంలో మామగారి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. సుద్దపొడి ఇద్దరి వేళ్ళకీ అంటింది.

"వచ్చేశాడండీ బాబూ" అంటూ సూదత్త గుమ్మంలో ప్రత్యక్షమైంది. వెనకే ఎలక్ట్రీషియన్, భుజాన సంచీతో. అతను ఫ్యూజు పెట్టె తెరిచి, హీటరు వైరు వాసన చూసి, సూదత్త వంక ఒక చూపు చూసి, "రెండూ ఒకే దాంట్లో పెట్టొద్దని పోయిన నెల కూడా చెప్పాను" అన్నాడు. "పోయిన నెల ఇస్త్రీపెట్టె గురించి చెప్పావు. హీటరు గురించి ఏమన్నా చెప్పావా?" అన్నది సూదత్త. అతను నోరు మూసుకుని పని చేసుకున్నాడు. ఫ్యాను కదిలింది.

కోడలు పరిగెత్తలేదు. మామయ్యే ముందు లేచాడు. తడిక ఇవతలికి ఆయన రావడం అరుదు. వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. మిషను బటన్ నొక్కితే అది గుర్రుమని లేచి, తన సామానంతా సరిచూసుకోవడం మొదలుపెట్టింది. ఎందుకిలా అర్ధంతరంగా ఆపేశారని సణుగుతున్నట్టు తెర మీద లైన్ల మీద లైన్లు పడ్డాయి. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, సూదత్త కూడా, అది మామూలు సంగతి కాదు.

నల్ల తెర వచ్చింది. పాదాలు ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పమని రాసింది కోడలు. సెమికోలన్ పెట్టింది. ఎంటర్ మీద వేలుంచి, కళ్ళు మూసుకుని కొట్టింది.

"పన్నెండు వేల ఇరవై నాలుగు" అని వెనక నుంచి మామయ్య చదివాడు.

కోడలు కళ్ళు తెరిచి చూసింది. అంకె అంకెనీ వేలితో ముట్టుకుని చూసింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే చెప్పింది. నెత్తిన పాలు పోసినట్టయింది. హమ్మయ్య అని అనుకుంది గానీ నోట్లోంచి వచ్చింది ఏడుపు, ఏడుపు మధ్యలో నవ్వు. బల్ల మీద తల పెట్టి, కీబోర్డు తడవకుండా పక్కకి జరిపి మరీ, కడుపారా ఏడ్చింది. మామయ్య ఆవిడ తల మీద చెయ్యి వేసి, "ఉన్నాయమ్మా, అన్నీ ఉన్నాయి" అంటూ ఉన్నాడు. ఎలక్ట్రీషియన్ ఇదంతా చూసి, ఫ్యూజు వేసినందుకు ఇంత కృతజ్ఞత తనకెక్కడా దక్కలేదనుకుని ఉంటాడు.

"ఇంతకీ ఏమైందసలు?" అన్నది సూదత్త.

చెప్పారు. విని ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "దానికింత రభసా? నన్నడిగితే పోయేదిగా. పొద్దున్న నువ్వు సుద్ద అన్నావు. అప్పుడే నా మిషన్లో దారం తెగింది, ఎక్కించుకుంటున్నా, శుభ్రంగా వినపడింది. మీ మామయ్య చూశా అన్నాడు కూడా. ఆ తర్వాతే ఫోను మోగింది."

మామయ్య చెయ్యి కోడలి తల మీద అలాగే ఆగింది. "నేనన్నానా?"

"అన్నావు మామయ్యా. రోజూ అనేదే కదా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "అన్నానన్నమాట. చూడకుండానే" అన్నాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని, ఈసారి చెయ్యవలసింది ముందు చేసింది. సొరుగులోంచి బయటి డిస్కు తీసి, తగిలించి, నకలు తీసింది. తీసి ఊరుకోలేదు, దాని సైజు చూసింది, అందులోంచి ఒక పాదం తెరిచి బొమ్మ కనిపిస్తోందో లేదో కూడా చూసింది. డిస్కు ఊడదీసి మామయ్య చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరుంచండి. ప్రతి వారం కొత్త నకలు తీసిస్తా." ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు.

"కండక్టరుది తియ్యి" అన్నాడు.

తీసింది. పాత పుస్తకం పేజీ తెర మీద కనిపించింది, చెదలు తిన్న అంచుతో సహా. అర్ధచంద్రం ఉంది, గింజంత ఎత్తని రాసి ఉంది. కుడి మడమ.

కోడలు చేతిలో కాగితం చూసుకుంది. ఎడమ అని రాసుకుంది తను. మామయ్య తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత అవతలికి నడిచి, తోలు మీద తాను గీసిన ఎడమ మడమ మీద అరచెయ్యి పెట్టి తుడిచేశాడు. రెండుసార్లు తుడిచాడు, జాడ కూడా లేకుండా.

కోడలు తడిక పక్కన నిలబడి చూస్తోంది. ఆయన ఏమనుకుంటున్నాడోనని భయపడింది. ఇటు తిరిగినప్పుడు ఆయన మొహం చూస్తే, పెద్ద బరువేదో దించుకుని, భుజాలు సర్దుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

"అయితే ఇక నేను మర్చిపోవచ్చమ్మా" అన్నాడు. "ఎవరి కాలికీ ఏమీ కాదు."

"మీరేం మర్చిపోనక్కర్లేదు మామయ్యా."

"మర్చిపోతానులే, అది నా చేతిలో ఉందా? కానీ ఫరవాలేదంటున్నా." కిటికీ దగ్గర నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. రెండేళ్ళుగా ఆయన అంత గాలి పీల్చుకోలేదని కోడలికి అప్పుడే తోచింది. "సాయంత్రం ఇంటికెళ్ళాక మీ అత్తయ్యకి చెబుతా. నువ్వు కూడా పక్కనుండు."

"ఉంటాను మామయ్యా. డాక్టరు దగ్గరికి కూడా నేనే తీసుకెళ్తా."

"తీసుకెళ్ళు. ముందు ఆ రెండేసి ఉన్నవి చెరుపు. చోటు లేదంటున్నావుగా."

కోడలు వచ్చి కూర్చుంది. ఫోను తీసి సొరుగులో పడేసింది. బిగిన్ కొట్టింది. "సుద్ద" అన్నది.

అవతల నుంచి జవాబు రాలేదు. స్టూలు జరిగిన చప్పుడైంది. మామయ్య తడిక చుట్టూ తిరిగి వచ్చి, కళ్ళజోడు సరిచేసుకుని, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టాడు. కోడలు లైను మొత్తం రాసింది, రెండు సగాలూ. ఆయన దాని కింద వేలు పెట్టి, తనకి రాని ఆ భాషని ఈ చివర నుంచి ఆ చివరకి కూడబలుక్కుంటూ చూశాడు. ఆవిడ ఎంటర్ కొట్టింది.

"ఎన్ని పోవాలి?"

"ఆరు వందల పన్నెండు."

"ఎన్నంటోంది?"

"ఆరు వందల పన్నెండు. మిగిలినవి పదకొండు వేల నాలుగు వందల పన్నెండు."

ఆయన ఆ అంకెల్ని తనే ఇంకోసారి చదువుకున్నాడు. తొందరపడలేదు. అవతల సూదత్త మిషను ఆపి వింటోంది.

"చూశా" అన్నాడు మామయ్య. "ఇక కొయ్యి."